గంట మోగని గది

మా కాలేజీలో ఏ కంపెనీ ఇంటర్వ్యూలు పెట్టినా గదిలో ఓ మూలన ఒక కుర్చీ ఉంటుంది. ఆ కుర్చీలో ఒక మనిషి, ఆ మనిషి ఒళ్ళో ఒక ఇత్తడి గంట. చివరి ఏడాది పిల్లలకి ఉద్యోగాలిస్తామంటూ వచ్చే పెద్దమనుషులు అడగకూడని ప్రశ్నలు కొన్నున్నాయి. పెళ్ళయిందా, అయితే పిల్లల్నెప్పుడు కంటావు, ఏ దేవుణ్ణి కొలుస్తావు, పుట్టిందెక్కడ, మీ నాన్న ఏం చేస్తాడు, ఒంట్లో ఏమైనా లోపముందా. వీటిలో ఏ ఒక్కటి నోట్లోంచి సగం బయటికొచ్చినా గంట మోగుతుంది. ప్రశ్న అక్కడే ఆగిపోవాలి, జవాబు చెప్పనక్కర్లేదు. అదే పనిగా మోగిందంటే ఆ కంపెనీ సంచీ సర్దుకుని గేటు దాటాల్సిందే.

ఆ గంట కొట్టేది మా పిన్ని. ప్లేస్‌మెంట్ ఆఫీసులో ఆవిడ ఉద్యోగమే అది. పిల్లలందరూ గంట మేడం అంటారు. ఒకసారి ఓ ముసలాయన ప్రేమగా, ఇంట్లో అందరూ కులాసానా బాబూ, అనబోతే టంగుమనిపించింది. పలకరింపని లేదు, పరామర్శని లేదు, పిడుక్కీ బియ్యానికీ ఒకే మంత్రం. కంపెనీలవాళ్ళు ఆవిణ్ణి చూసి పళ్ళు నూరుకునేవాళ్ళు. బల్లకి ఇవతల ఇంటర్వ్యూకి కూర్చున్న పిల్లలకి మాత్రం ఆ చప్పుడు వింటే ప్రాణం లేచొచ్చేది.

నాకు ఊహ తెలిసీ తెలియకముందే మా అమ్మ పోయింది. అప్పట్నుంచీ నన్ను పెంచింది పిన్నే. తను పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని అడిగితే, నీ ఒక్కదాని అల్లరికే నా ఓపికంతా అయిపోయింది, ఇంకొకణ్ణెక్కడ భరించను, అనేది. నాకు కోపం ముక్కు మీదుంటుంది. ఆవిడకీ అంతే. మా వంటింట్లో గిన్నెల చప్పుణ్ణి బట్టి ఆ రోజు ఎవరిది పైచేయో పక్కవాటా వాళ్ళు చెప్పగలిగేవారు.

నాకు ఎడమ చెవి వినపడదు. చిన్నప్పుడు వచ్చిన జ్వరం దాన్ని తీసుకుపోయింది. ఇంటర్వ్యూల్లో నేను తల పక్కకి తిప్పి వింటుంటే అడిగేవాళ్ళ కళ్ళల్లో ఒక అనుమానం కదిలేది. నా గదిలో పిన్ని కూర్చోకూడదు. బంధువుల ఇంటర్వ్యూకి గంట పట్టుకోరాదని రూలు రాసిందే ఆవిడ, ఎవరితో చెప్పుకోను? నా వంతు వచ్చినప్పుడు లైబ్రేరియన్ గారు కూర్చునేవారు. మంచాయన. కాకపోతే అక్కడ ప్రశ్న పుట్టి, పెరిగి, దానికో పెళ్ళయ్యాక గానీ ఈయన చెయ్యి గంట మీదికి రాదు.

ఆ వారం నా మనసంతా పటాలు గీసే కంపెనీ మీదుంది. అది తర్వాతి వారం వస్తోంది. నదులూ రోడ్లూ కొలిచి పటాలు గీసే పని, చెవితో పెద్దగా అవసరం లేదు, నాకు చిన్నప్పట్నుంచీ గీతలంటే ప్రాణం. ఆ ఉద్యోగం వస్తే చాలనుకున్నాను. ఈలోగా ఇంకో కంపెనీ వస్తోందన్నారు. జనం ఫోన్లు చేసి గోడు వెళ్ళబోసుకుంటే ఓపిగ్గా వినే పనట. చెవిటిదాన్ని, వినే ఉద్యోగానికి పేరిచ్చాను, చూడండి నా తెలివి. అందరూ ఇస్తున్నారు కదాని నేనూ ఇచ్చాను. ఇచ్చాక తెలిసింది, పేరిచ్చి రాకుండా ఎగ్గొడితే ఇక ఆ ఏడాది ఏ కంపెనీకీ కూర్చోనివ్వరు. పటాల కంపెనీకి కూడా.

ఇంకో సంగతి చెప్పాలి. మాకు ఇంటర్వ్యూల కోసం తర్ఫీదు ఇచ్చే మాస్టారొకాయన ఉన్నాడు. ఆయన బోధంతా ఒక్కటే, గదిలో నిశ్శబ్దం వచ్చిందా నీ పని అయిపోయింది, నింపెయ్యాలి. అడగందే అమ్మైనా పెట్టదు, నిజమే, కానీ అడక్కపోయినా చెప్పేవాడికే ఉద్యోగం, అనేవాడు. మాట మధ్యలో ఆగి మా మొహాల్లోకి చూసేవాడు. మేం గబగబా ఏదో ఒకటి చెప్పాలి. ఎవరైనా నీళ్ళు నమిలితే బల్ల మీద స్కేలుతో కొట్టేవాడు. ఏడాదంతా కొట్టి కొట్టి, ఎవరైనా ఊరికే చూస్తే చాలు నోరు దానంతటదే తెరుచుకునేలా చేశాడు మమ్మల్ని. ఆయన ఇప్పుడు కనిపిస్తే ఆ స్కేలు ఆయన చేతిలోంచి లాక్కుని విరిచేస్తాను.

ఆ వినే కంపెనీవాళ్ళు వచ్చిన రోజు ప్లేస్‌మెంట్ ఆఫీసర్ గారి మొహం వెలిగిపోయింది. అడగకూడని ప్రశ్నల కాయితం ముందు పెడితే ప్రతి కంపెనీ ఏదో ఒక సణుగుడు సణుగుతుంది. వీళ్ళు చదవకుండానే సంతకం పెట్టారట. ఇంతకంటే కఠినమైన రూలేదైనా ఉంటే దానికీ పెడతాం అన్నారట.

పైఅంతస్తులో చివరి గది ఇచ్చారు. పొడుగాటి బల్ల, నీళ్ళ జగ్గు, తలుపుకి అద్దం. మొదట పిలిచింది మా పొడుగోణ్ణి. వాడు నాకు మంచి స్నేహితుడు. వాడికో తమ్ముడున్నాడు, మాట రాదు, కాళ్ళు రావు. రోజూ పొద్దున్నే ఆ పిల్లాణ్ణి ఎత్తుకెళ్ళి స్నానం చేయించి, తల దువ్వి, కిటికీ దగ్గర కూర్చోబెట్టాకే వీడు క్లాసుకొచ్చేవాడు. ఈ సంగతి కాలేజీలో నాకు తప్ప ఎవరికీ తెలీదు. ఇంటికి కట్టుబడ్డవాడని తెలిస్తే ఎవరూ ఉద్యోగమివ్వరని వాడి భయం.

కాసేపటికి నవ్వుకుంటూ వచ్చాడు. ఏమడిగార్రా అంటే ఏమీ అడగలేదన్నాడు, ఉద్యోగం మాత్రం ఇచ్చేశారన్నాడు. ఎలాంటివాళ్ళంటే, మా అమ్మ వయసు ఆడవాళ్ళిద్దరు అన్నాడు. క్యాంటీన్‌కి వెళ్ళి టీ తెచ్చుకున్నాం. వాడి మొహం చూస్తే, ఎన్నాళ్ళ జ్వరమో ఆ పొద్దున్నే తగ్గినట్టు తేటగా ఉంది. సంతోషించాను కూడా.

అప్పుడే వాళ్ళమ్మ ఫోన్ చేసింది. నా మంచి చెవి వాడి వైపే ఉంది, ఆవిడ గొంతు నాకూ వినిపిస్తోంది. తమ్ముడు పొద్దుట్నుంచీ ఏమీ ముట్టుకోవట్లేదు, తలుపు వైపే చూస్తున్నాడు, నువ్వొచ్చి తినిపిస్తావా అంటోంది.

"ఏ తమ్ముడమ్మా?" అన్నాడు వాడు.

అటునుంచి నవ్వు వినిపించింది, పరాచికమనుకుని. వీడు మళ్ళీ అడిగాడు, చాలా మర్యాదగా, ఎవరి గురించమ్మా నువ్వు చెప్తున్నది అని. ఫోన్ పెట్టేసి, అమ్మకి ఒంట్లో బాలేనట్టుంది, సాయంత్రం డాక్టరుకి చూపించాలి అన్నాడు. కప్పు అడుగున మిగిలిన టీ తాగేశాడు. వాడి కళ్ళల్లోకి వెతికి వెతికి చూశాను. ఎక్కడా అబద్ధం లేదు.

మధ్యాహ్నం విరామంలో పిన్ని నన్ను వెతుక్కుంటూ వచ్చింది. మెట్ల కింద నిలబడి మెల్లగా చెప్పింది. లోపల ఇద్దరు మగవాళ్ళుంటారు. కూర్చోండి అంటారు. అంతే, ఆ తర్వాత పలకరు. చూస్తూ ఉంటారు. మా పిల్లలు ఊరుకుంటారా, మార్కులు చెప్తారు, ఈత వచ్చని చెప్తారు, బొమ్మలేస్తానని చెప్తారు. వాళ్ళు చూస్తూనే ఉంటారు. చెప్పడానికి ఇంకేమీ మిగలనప్పుడు ఆ పిల్లల నోట్లోంచి అసలుది వస్తుంది. కన్నతల్లికి కూడా చెప్పుకోనిది. అది వచ్చాక వాళ్ళిద్దరూ కలిసి ఒక్క ఊపిరి పీలుస్తారు. చాలండి, ధన్యవాదాలు, అంటారు.

"గంట కొట్టాలని చెయ్యి లేస్తోందే," అంది పిన్ని. "దేనికి కొట్టను? ఎవరూ ఏమీ అడగట్లేదు."

పొడుగోడు ఏం చెప్పాడని అడిగాను. తమ్ముణ్ణి ఎత్తుకున్నప్పుడు ఆ పిల్లాడు వీడి మెడ మీద గెడ్డం ఆనిస్తాడట, ఆ బరువు గురించి చెప్పాడట. నేను మెట్టు మీద కూర్చున్నాను. క్యాంటీన్‌లో జరిగింది చెప్పాను. పిన్ని నమ్మలేదు. నేనూ నమ్మదలుచుకోలేదు. ఇద్దరం కలిసి వెళ్ళి పాటల పిల్లని పట్టుకున్నాం. ఎప్పుడూ కూనిరాగం తీస్తూ ఉంటుంది, అందుకే ఆ పేరు. వాళ్ళ నాన్న జైల్లో ఉన్నాడు. చూడ్డానికి వెళ్ళే రోజుల్లో తోడుగా నన్ను తీసుకెళ్ళేది, గేటు దగ్గర ఏడుస్తుంటే నేనే నీళ్ళిచ్చేదాన్ని. ఆ పొద్దున లోపల ఆ సంగతే చెప్పిందట. నాన్న ఎలా ఉన్నారే అని అడిగాను. నాన్నా, అని ఆ మాటని నోట్లో అటూ ఇటూ తిప్పింది. నాకు నాన్న ఎవరున్నారు, అని నవ్వేసి వెళ్ళిపోయింది. కూనిరాగం మాత్రం లేదు.

పిన్ని నన్ను వెంటబెట్టుకుని ఆఫీసర్ గారి గదికి వెళ్ళింది. ఆయన నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుని విన్నాడు. విని, ఏ ప్రశ్న అడిగారు మేడం, అన్నాడు. ఏదీ అడగలేదంది పిన్ని. మరి ఫిర్యాదు దేని మీద రాసుకోమంటారు, అన్నాడు. తన సర్వీసులో ఇంత పద్ధతిగల కంపెనీని చూడలేదన్నాడు. ఆడని లేదు, మగని లేదు, చక్రాల కుర్చీలో వచ్చినవాడికీ ఇచ్చారు, అందరికంటే వెనకబడ్డవాడికీ ఇచ్చారు, ఎవర్నీ వేరుగా చూళ్ళేదు, మీరు జీవితమంతా కోరుకున్నది ఇదే కదా మేడం, అన్నాడు. నేను ఒంటికాలి మీద లేచాను. గోడకున్న ఆ రూళ్ళ పటం తీసి నెత్తిన పెట్టుకోండి అన్నాను. ఆయన కోపగించుకోలేదు. నీ వంతు మూడింటికనుకుంటా, రాకపోతే తెలుసుగా, అని ఫైలు తెరిచాడు.

బయటికొచ్చాక పిన్ని ఖరాఖండిగా చెప్పింది, వెళ్ళొద్దని. పటాలూ వద్దు ఏమీ వద్దు, ఇంట్లో కూర్చో, నేను పోషిస్తా అంది. నేను వినలేదు. నోరు మూసుకుని కూర్చుని లేచొస్తాను, అంతే కదా అన్నాను. సగం లోకం నాకు ఎప్పుడూ నిశ్శబ్దమే, దానికి నేనేం బెదురుతాను?

"పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు," అంది పిన్ని. "ఇక్కడ పెదవి దాటితే అసలు మిగలట్లేదే. నీ దగ్గర ఏముందని పోగొట్టుకోవడానికి?"

ఉన్నది నువ్వేగా, అనబోయి ఊరుకున్నాను. మా ఇద్దరి మధ్య అలాంటి మాటలు అలవాటు లేదు. చివరికి ఒక ఒప్పందానికొచ్చాం. మరీ నోరు ఆగకపోతే ఎక్కాలు చెప్పాలి. ఎక్కాలు పోతే పోయాయి, లెక్కలకి యంత్రాలున్నాయి అంది. తను తలుపు బయటే, అద్దంలోంచి కనిపించేలా నిలబడతానంది.

లోపలికెళ్ళాను. నాకు కనిపించింది ఒక పెద్దావిడ, ఒక కుర్రాడు. చొక్కాల మీద ఇస్త్రీ మడత కత్తిలా ఉంది. పొడుగోడు ఆడవాళ్ళిద్దరన్నాడు, పిన్ని మగవాళ్ళిద్దరంది. తర్వాత లైబ్రేరియన్ గారినడిగితే, ఇద్దరెక్కడ, ఒక్కరే కదా వచ్చింది, అన్నారు. కూర్చోండి అన్నారు. గొంతు ఇద్దర్లో ఎవరిదో తెలియలేదు. కూర్చున్నాను. మూలన లైబ్రేరియన్ గారు ఒళ్ళో గంట పెట్టుకుని గోడకి తల ఆనించారు.

వాళ్ళు నన్ను చూస్తున్నారు. అందులో దురుసుతనం లేదు, ఎగతాళి లేదు. నా మొహంలో ఎవరూ ఎప్పుడూ అంత ఆసక్తి చూపించలేదు. నేను పళ్ళు బిగబట్టాను. మాస్టారి స్కేలు బల్ల మీద పడుతున్నట్టే ఉంది నా లోపల. నింపు, నింపు. అప్పుడు నాకు వినిపించింది. నా ఎడమ చెవిలో. జ్వరం తీసుకుపోయినప్పట్నుంచీ చీమ చిటుక్కుమన్నది కూడా ఎరగని చెవిలో, ఎవరో అతి దగ్గరగా నిలబడి వినడానికి ఊపిరి బిగబట్టిన చప్పుడు. చెంపకి వెచ్చగా కూడా తగిలింది. తల తిప్పి చూశాను. ఎవరూ లేరు.

ఎక్కాలు మొదలెట్టాను. ఏడొకట్ల ఏడు, ఏడు రెళ్ళు పద్నాలుగు. ఏడు అయింది, ఎనిమిది అయింది. వాళ్ళు వింటున్నారు, కానీ పిల్లల ఆట అయ్యేదాకా పెద్దవాళ్ళు ఆగినట్టు ఆగుతున్నారు. ఎక్కాలు వాళ్ళకి అక్కర్లేదు. పదమూడో ఎక్కం మధ్యలో నాకు తడబడింది. ఆ తడబాటులో నా గొంతు ఇంకేదో చెప్పడం మొదలెట్టింది. ఒక మాట చెప్పాను. నిజంగా చెప్పాను, పెదాల మీద దాని తడి ఉంది. ఏం చెప్పానో మాత్రం నాకు తెలీదు. ఇప్పటికీ తెలీదు. పెద్దావిడ నా వైపు కొంచెం వంగింది. ఇంకా ఉంది కదా, అన్నట్టు. ఉంది. గొంతు దాకా వచ్చేసింది.

"మా పిన్ని," అన్నాను.

తలుపు ధడేలుమని తెరుచుకుంది. లైబ్రేరియన్ గారు ఉలిక్కిపడి లేచి, మేడం, బంధువులు రాకూడదు, అంటున్నారు. పిన్ని ఆయన్ని పక్కకి నెట్టి వచ్చి నా నోటి మీద చెయ్యి వేసి గట్టిగా నొక్కింది. ఆ అరచెయ్యి వెనకాల నా పెదాలు ఆడుతూనే ఉన్నాయి. నేను ఆపుదామనుకున్నా ఆగట్లేదు. పిన్నికి అది తెలుస్తోంది. లేవమని నా భుజం పట్టి లాగింది. లేవలేకపోయాను. కుర్చీకి కట్టినట్టేమీ లేదు, చెప్పాల్సింది చెప్పకుండా లేవడం అనేది నా ఒంటికి తెలియకుండా పోయింది.

ఈ పిల్ల ఏమీ చెప్పదు, మీ ఉద్యోగం మాకొద్దు, అంది పిన్ని వాళ్ళతో.

"పర్లేదండీ, ఆగుతాం," అన్నారు వాళ్ళు. "ఎవరు చెప్పినా మాకొకటే. మేం మనిషికీ మనిషికీ తేడా చూడం."

మళ్ళీ నిశ్శబ్దం. ఆవిడ నా వైపు చూసింది. అలా ఎప్పుడూ చూడలేదు, చూపులో ముద్దు చేసే అలవాటు లేని మనిషి. అప్పుడు అర్థమైంది నాకు, ఏం చేయబోతోందో. తల అడ్డంగా ఊపాను. గింజుకున్నాను. చెయ్యి తియ్యలేదు. వాళ్ళ వైపు తిరిగి, మామూలు గొంతుతో మొదలెట్టింది.

"అక్క పోయిన ఏడాది నాకు ఉద్యోగం అత్యవసరం. ఒక పెద్ద ఆఫీసులో ఇంటర్వ్యూకి పిలిచారు. అన్నీ చెప్పాను, వాళ్ళకి నచ్చాను. లేచే ముందు అడిగారు, పెళ్ళయిందా అని. లేదన్నాను. మరి బయట బల్ల మీద ఏడుస్తున్న పాప ఎవరిదన్నారు. అక్క కూతురని చెప్తే ఇచ్చేవాళ్ళు. ఆ మాటే చెప్దామని నోరు తెరిచాను. అది గుక్కపెట్టి ఏడుస్తోంది. నా కూతురే, అన్నాను. ఉద్యోగం పోయింది. మెట్లు దిగుతుంటే అది నా జడ పట్టుకుని నవ్వింది. నాకేం బాధనిపించలేదు. ఆ రోజునుంచీ అది నా కూతురే."

నాకు ఈ సంగతి తెలీదు. ఇన్నేళ్ళు ఒకే కప్పు కింద ఉండి, ఒక్కసారి చెప్పలేదు. విన్నానని ఆనందించడానికి కూడా వ్యవధి లేదు. వాళ్ళిద్దరూ ఒక్క ఊపిరి పీల్చారు.

"చాలండి," అన్నారు. "ధన్యవాదాలు. ఇద్దరూ ఎంపికయ్యారు."

నా నోటి మీద బరువు తగ్గింది. పిన్ని తన చెయ్యి తీసుకుని దానివైపు చూసుకుంది. నా కన్నీళ్ళతో, ఎంగిలితో తడిసి ఉంది. ఎందుకు తడిసిందో అర్థం కానట్టు చేతిరుమాలు తీసి తుడుచుకుంది. తర్వాత నన్ను చూసి కంగారుపడింది.

"క్షమించండమ్మా. మీ ఇంటర్వ్యూకి అడ్డొచ్చినట్టున్నాను. మీరు కానివ్వండి," అంది.

మీరు. నన్ను. నేను జగ్గు తీసి వాళ్ళ మీదికి విసిరాను. నీళ్ళు వాళ్ళ ఇస్త్రీ చొక్కాల మీద పడ్డాయి, జగ్గు గోడకి తగిలి పగిలింది. వాళ్ళు కోపగించుకోలేదు. నేను బల్ల మీదికి వంగి నోటికొచ్చినవన్నీ అడిగాను. మీరెవరు, మీ ఊరేది, మీకు పెళ్ళయిందా, పిల్లలున్నారా, మీ అమ్మ బతికుందా, చెప్పండి, మీరూ చెప్పండి, అని అరిచాను. కుర్రాడు నా మీద జాలిపడ్డట్టు నవ్వాడు.

"అవి అడక్కూడదు కదండీ," అన్నాడు.

సాయంత్రానికి వాళ్ళు వెళ్ళిపోయారు. ఆఫీసర్ గారు గేటు దాకా సాగనంపారు. పేరిచ్చినవాళ్ళందరికీ ఉద్యోగాలొచ్చాయని నోటీసు బోర్డులో పెట్టారు. పని ఎక్కడో దూరపు ఊళ్ళోనట, అయినా పొడుగోడు చేరతానన్నాడు. అంత దూరం పోతే తమ్ముణ్ణెవరు చూస్తార్రా అని కాలరు పట్టుకుని అడిగాను. నా వేళ్ళు మెల్లగా విడిపించి, నీకు విశ్రాంతి కావాలి అన్నాడు.

లైబ్రేరియన్ గారిని బతిమాలాను, పిన్ని రాకముందు నేనేం చెప్పానో గుర్తుందా అని. ఆయన నుదురు రుద్దుకున్నారు. మీ అమ్మ గురించి ఏదో అన్నావమ్మా, బావుంది, నాకే కాస్త కునుకు పట్టింది, అన్నారు. అమ్మ గురించి నాకేదో ఒక జ్ఞాపకం ఉండేదన్నమాట. ఎప్పుడైనా పిన్నికి చెప్పి ఉంటాను. చెప్పే ఉంటాను, ఇంకెవరికి చెప్తాను? అది తెలిసిన మనిషి ఇంక ఆవిడ ఒక్కతే.

ఇంటికెళ్ళేసరికి పిన్ని వంటింట్లో ఉంది. తాళంచెవితో తలుపు తీసుకుని వచ్చిన నన్ను చూసి ఆశ్చర్యపోయింది గానీ గొడవ చెయ్యలేదు. కాలేజీ అమ్మాయి, మధ్యాహ్నం ఇంటర్వ్యూలో ఏడ్చిన పిల్ల, పాపం దారీ తెన్నూ తెలియక వచ్చిందనుకుంది. కూర్చోమంది. రొట్టె ముక్కలు కాల్చి పెట్టింది. అలవాటు కొద్దీ కుర్చీని నా కుడివైపుకి జరుపుకుని కూర్చుంది. ఎందుకు జరుపుకుందో తనకే తెలియదని మొహం చూస్తే తెలిసింది. నాకు ఆశ పుట్టింది. గోడ మీద అమ్మ ఫొటో చూపించి, ఈవిడ ఎవరని అడిగాను.

"మా అక్కండీ. చిన్న వయసులోనే పోయింది."

ఆవిడకో పాప ఉండాలి కదా, అన్నాను.

"లేదమ్మా. మా అక్కకి పిల్లల్లేరు."

అప్పుడు నేను మొదట్నుంచీ చెప్పాను. జ్వరం రాత్రుళ్ళు చెప్పాను, బడి మొదటిరోజు నేను గేటు పట్టుకుని వదలకపోతే తనూ నాతో పాటు కూర్చుండిపోవడం చెప్పాను, మేం పడ్డ దెబ్బలాటలు, విరిగిన గిన్నెలు, నా మొదటి పటం తను తలగడ కింద పెట్టుకోవడం చెప్పాను. భయపడుతూనే చెప్పాను, చెప్పింది చెప్పినట్టు పోతుందేమోనని. ఏదీ పోలేదు. అన్నీ నా దగ్గరే ఉండిపోయాయి, ఒక్కటీ ఆవిడ వైపు వెళ్ళలేదు. చెప్పీ చెప్పీ గొంతు బొంగురుపోయింది. నేనెవర్నో అడుగు పిన్నీ, ఒక్కసారి అడుగు, అన్నాను.

ఆవిడ నా చేతి మీద చెయ్యి వేసింది. ఆ గదుల్లో భయపడ్డ పిల్లలందరితో మాట్లాడే గొంతుతో మాట్లాడింది.

"అవన్నీ మీరు నాకు చెప్పక్కర్లేదమ్మా. మిమ్మల్ని అలాంటివేవీ ఎవరూ అడక్కూడదు. నేనూ అడగను," అంది.

చెప్పి లేచి, చల్లారిపోయిన రొట్టె నా ముందునుంచి తీసి మళ్ళీ పొయ్యి మీద పెట్టింది.